ఏ టేప్ డ్రైవ్‌ని నమ్మొచ్చు? గోదావరి తేమలో బ్యాకప్ ఎంపిక

మండపేట దగ్గర ఒక రైస్ మిల్లులో నేను మొదటిసారి టేప్ డ్రైవ్ చూశాను, అంటే కంప్యూటర్ డేటాని క్యాసెట్టు టేపు మీద రాసి దాచే యంత్రం. డీడీఎస్-3 రకం. అరచేతిలో ఇమిడిపోయే క్యాసెట్టు, అందులో 12 జీబీ. శనివారం సాయంత్రం గుమాస్తా క్యాసెట్టు పెట్టేవాడు, పచ్చ లైటు కాసేపు మిణుకుమని ఆగిపోయేది, దాన్ని బయటికి తీసి తారీఖు రాసి బీరువాలో పెట్టి తాళం వేసేవాడు. ఏళ్ల తరబడి ఒక్క శనివారం కూడా తప్పలేదు. తర్వాత ఒక వేసవిలో పిడుగు పడి కంప్యూటరూ డ్రైవూ రెండూ పోయాయి. వేరే ఊరి నుంచి అదే మోడల్ డ్రైవ్ తెప్పించి క్యాసెట్లు ఒక్కొక్కటే పెట్టి చూశాం. పదకొండింటిలో రెండే చదివింది.

"ఏవండీ, ఇందులో అంతా ఉందన్నారుగా?" అన్నారు యజమాని.

"ఆయ్, ఉందండి. దీనికే కనబడట్లేదండి" అన్నాను.

అబద్ధం కాదు. డేటా టేపు మీదే ఉంది. రాసిన డ్రైవ్‌లో హెడ్ (టేపు మీద రాసే, చదివే భాగం) కొద్దిగా పక్కకి జరిగి ఉంది. అది వంకరగా రాసుకుంది, వంకరగానే చదువుకుంది, కాబట్టి ఎప్పుడూ తప్పు చూపించలేదు. సరిగ్గా ఉన్న డ్రైవ్‌కి ఆ రాత అర్థం కాలేదు.

ఇప్పుడు నన్ను టేపుల గురించి అడిగేవాళ్లు మిల్లువాళ్లు కారు. భీమవరం, అమలాపురం, పాలకొల్లు వైపు పెళ్లి వీడియోలు తీసే స్టూడియోల వాళ్లు. పాత పుస్తకాలు, రికార్డులు స్కాన్ చేయిస్తున్నవాళ్లు కూడా అడుగుతున్నారు. హార్డ్ డిస్కులు గుట్టలుగా పేరుకుపోయి, ఏది ఎప్పుడు ఆగిపోతుందోనని టెన్షన్. సెకండ్ హ్యాండ్‌లో టేప్ డ్రైవ్‌లు చవగ్గా కనబడుతున్నాయి, ఏది కొనమంటారు అని అడుగుతారు. వాళ్లకి నోటితో చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

నమ్మకం అంటే దేన్ని చూడాలి

డ్రైవ్ కరపత్రంలో మొదట కనబడేది సగటున ఎన్ని గంటలకు ఒక పాడు అనే లెక్క. రెండున్నర లక్షల గంటలు అని రాస్తారు. లెక్కేస్తే 28 ఏళ్లు దాటుతుంది. మీ డ్రైవ్ 28 ఏళ్లు నడుస్తుందని దాని అర్థం కాదు. వేల డ్రైవ్‌లు ఒకేసారి నడుస్తుంటే వాటిలో పాడయ్యే వాటి రేటు అది. ఇంట్లో ఒక్క డ్రైవ్ ఉన్నవాడికి ఆ అంకెతో పెద్దగా పని లేదు.

రెండో అంకె చదవలేని తప్పులది. మామూలు డెస్క్‌టాప్ హార్డ్ డిస్కుకి ఒకటి పక్కన 14 సున్నాలంత బిట్లు చదివితే ఒక తప్పు అని కంపెనీలే రాస్తాయి. అంటే సుమారు 12.5 టీబీకి ఒకటి. సర్వర్లలో వాడే డిస్కులకు 15 సున్నాలు. ఇప్పుడు బజార్లో ఉన్న టేపు రకం ఎల్‌టీవో (దాని సంగతి కింద చెబుతాను). అందులో ఆరో తరం ఎల్‌టీవో-6 టేపుకి 17, ఎల్‌టీవో-7, 8లకి 19. ఈ లెక్కలో టేపు డిస్కుని ఎక్కడో వెనక వదిలేసింది. ఇవి ఏసీ గదిలో, శుభ్రమైన హెడ్‌తో, కొత్త టేపుతో వచ్చే అంకెలు. మీ షాపులో, పక్కన జనరేటర్ పొగ, ఎదురుగా లారీల దుమ్ము ఉన్నచోట అదే వస్తుందని అనుకోకండి. కానీ టేపుకీ డిస్కుకీ ఉన్న తేడా మాత్రం అక్కడా ఉంటుంది.

నేను చూసేవి వేరే. ఒక డ్రైవ్ రాసింది ఇంకో డ్రైవ్ చదువుతుందా? పదేళ్ల తర్వాత ఆ ఇంకో డ్రైవ్ బజార్లో దొరుకుతుందా? మన తేమని ఆ టేపు ఎంతవరకు తట్టుకుంటుంది? రాసేటప్పుడే తప్పు పట్టుకుంటుందా, లేక మనం తిరిగి తీసే రోజున పట్టుకుంటుందా? ఈ నాలుగింటిలో మొదటి రెండింటికే నేను ఎక్కువ మార్కులు వేస్తాను. టేపు పాడై డేటా పోయిన సందర్భాలు నేను చూసింది తక్కువ. చదివే డ్రైవ్ లేక పోయినవే ఎక్కువ.

అసలు టేపు అక్కర్లేనివాళ్లు

మిల్లు, ఎరువుల షాపు, ఆడిటర్ ఆఫీసు, సొసైటీ: మీ ట్యాలీ డేటా, జీతాల లెక్కలు, స్కాన్ కాగితాలు అన్నీ కలిపినా కొన్ని పదుల జీబీలు. దీనికి టేపు కొనడం కొబ్బరికాయ కొట్టడానికి క్రేన్ పిలిచినట్టు ఉంటుంది. రెండు పోర్టబుల్ డిస్కులు కొని వారం వారం మార్చుకోండి, మూడో కాపీ క్లౌడ్‌లో పెట్టుకోండి. ఒకటే నియమం: బ్యాకప్ అయిన వెంటనే డిస్కు వైరు పీకేయాలి. ఫైళ్లన్నీ తాళం వేసి డబ్బులడిగే వైరస్ వచ్చినప్పుడు, తగిలించి ఉన్న డిస్కుని కూడా అది వదల్లేదు. నాకు తెలిసిన ఒక ఆఫీసులో మూడేళ్ల లెక్కలు అలాగే పోయాయి.

ఐదారు టీబీల లోపు ఉన్న ఫొటోగ్రాఫర్లకీ ఇదే చెబుతాను. పది టీబీలు దాటి, ఏటేటా పెరుగుతూ, పాతవి మళ్లీ అరుదుగా తీసేవాళ్లకే టేపు లెక్క కుదురుతుంది. వాళ్లకి క్లౌడ్ కూడా కష్టమే. 100 ఎంబీపీఎస్ అప్‌లోడ్ ఆగకుండా వచ్చినా ఒక టీబీ ఎక్కడానికి 22 గంటల పైనే పడుతుంది. మన లైన్లు ఎప్పుడు ఆగకుండా వచ్చాయి కనుక!

పాత రకాలు: డ్యాట్, క్యూఐసీ, డీఎల్‌టీ

ఇవి ఇప్పుడు కొత్తగా కొనాల్సినవి కావు. పాత టేపులు ఇంట్లో ఉన్నవాళ్ల కోసం, చవగ్గా దొరికిందని ఆశపడేవాళ్ల కోసం చెబుతున్నాను.

డ్యాట్ అన్నా డీడీఎస్ అన్నా ఒకటే కుటుంబం. సోనీ, హెచ్‌పీ కలిసి 1989లో తెచ్చాయి. వీసీఆర్‌లో లాగే ఏటవాలుగా పెట్టిన డ్రమ్ము గిర్రున తిరుగుతూ, 4 మిల్లీమీటర్ల టేపు మీద అడ్డంగా చిన్నచిన్న గీతలు రాస్తుంది. అంత సన్నటి టేపు మీద, అంత వేగంగా తిరిగే డ్రమ్ముతో రాసేటప్పుడు కోణం వెంట్రుకవాసి తప్పినా ఇంకో డ్రైవ్ చదవదు. మండపేటలో మాకు జరిగింది అదే. డీడీఎస్-4లో 20 జీబీ, డ్యాట్-72లో 36 జీబీ. ఇప్పుడు వేలితో పట్టుకునే పెన్ డ్రైవ్ అంతకంటే ఎక్కువ మోస్తుంది. ఉన్న క్యాసెట్లు చదివించుకోవడానికి తప్ప దీని జోలికి వెళ్లకండి. చదివించాలంటే, అవి రాసిన డ్రైవే ఇంకా ఉంటే దాన్ని పారేయకండి. వంకర రాతకి వంకర కళ్లే కావాలి.

8 మిల్లీమీటర్ల ఎక్సాబైట్ టేపులు కూడా ఇదే తరహా. 1987లో వచ్చిన మొదటి మోడల్‌కి సోనీ వీడియో కెమెరా యంత్రాంగమే ఆధారం. 2.3 జీబీ పట్టేది.

క్యూఐసీ, దాని తర్వాతి ట్రావన్ సంగతి ఇంకోలా ఉంటుంది. వీటిలో టేపుని తిప్పే బెల్టు క్యాసెట్టు లోపలే ఉంటుంది. డ్రైవ్‌లో ఒక రబ్బరు చక్రం ఆ క్యాసెట్టు చక్రానికి ఆనుకుని తిప్పుతుంది. ఒకాయన ఇంటి అటక మీద నుంచి దింపిన డ్రైవ్ తెరిచి ఆ రబ్బరు మీద వేలు పెడితే ముదురు పాకంలో వేలు పెట్టినట్టు తీగ సాగింది. ఆ చక్రం క్యాసెట్టుకి తగిలితే టేపుకి కూడా జిగురు అంటుకునేది. ఇలాంటిది చేతికొస్తే కరెంటు పెట్టకముందే చక్రం చూడండి. మెత్తబడిందా, టేపు లోపల పెట్టొద్దు. చక్రం మార్పించి, క్యాసెట్టు బెల్టు సాగిందో లేదో చూసి అప్పుడు పెట్టాలి.

డీఎల్‌టీ వీటన్నిటికంటే గట్టి పిండం. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీ 1984లో మొదలుపెట్టింది, 1994లో క్వాంటమ్ చేతికి వెళ్లింది. అరంగుళం వెడల్పు టేపు, డ్రమ్ము లేదు, హెడ్ నిలకడగా ఉంటుంది, టేపు చివరి దాకా వెళ్లి వెనక్కి వస్తూ పొడుగునా రాస్తుంది. అందుకే ఒక డ్రైవ్ రాసింది ఇంకోటి చదవడం డ్యాట్‌లో కంటే చాలా మెరుగు. డీఎల్‌టీ-4 టేపులో డీఎల్‌టీ 8000 డ్రైవ్‌తో 40 జీబీ. దీని రోగం కొక్కెం. క్యాసెట్టులో టేపు కొస ఉంటుంది, డ్రైవ్‌లో ఒక పట్టీ ఉంటుంది, రెండూ ఒకదానికొకటి తగులుకోవాలి. ఆ పట్టీ తప్పిపోయి డ్రైవ్ లోపలికి చుట్టుకుపోతే మూత విప్పి చేత్తో మళ్లీ బయటికి లాగాలి. ఓపిక ఉంటే చేయొచ్చు, నేను చేశాను కూడా. కొనమని మాత్రం చెప్పను.

ఎల్‌టీవో దగ్గర ఆగుదాం

2000లో హెచ్‌పీ, ఐబీఎం, సీగేట్ కలిసి తెచ్చిన రకం ఇది. మిగతావన్నీ పోయి బజార్లో మామూలు మనిషి కొనగలిగేది ఇదొక్కటే మిగిలింది. నేను దీన్ని నమ్మడానికి అసలు కారణం మన పొలం లెక్కలో చెబితే తేలిక. అరంగుళం టేపు మీద ఫ్యాక్టరీలోనే ఐదు గట్లు వేసి పంపుతారు. వాటి మధ్య నాలుగు మళ్లు. డేటా మళ్లలో పడుతుంది, హెడ్ గట్లని చూసుకుంటూ నడుస్తుంది. డ్రైవ్ ఏదైనా గట్లు అవే కాబట్టి ఒకరు రాసింది ఇంకొకరు చదవగలరు. ఆ గట్లని సర్వో అంటారు. ఇందుకే ఎల్‌టీవో టేపుని పెద్ద అయస్కాంతంతో చెరిపే యంత్రంలో పెట్టకూడదు. డేటాతో పాటు గట్లు కూడా పోతాయి, ఆ టేపు మళ్లీ దేనికీ పనికిరాదు.

రెండో కారణం, రాసే హెడ్ వెనకే చదివే హెడ్ ఉంటుంది. రాసిన ముక్కని అక్కడికక్కడే చదివి, తేడా వస్తే ముందుకెళ్లి మళ్లీ రాస్తుంది. క్యాసెట్టు మూలన ఒక చిన్న చిప్ ఉంటుంది, ఎన్నిసార్లు ఎక్కింది, ఎన్ని తప్పులు వచ్చాయి అన్నది అందులో నమోదవుతుంది. అంటే టేపుకి జాతకం దానిలోనే ఉందన్నమాట.

| రకం | వచ్చిన ఏడాది | ఒక టేపులో | నిండాలంటే ఈ చివర నుంచి ఆ చివరకి | ఇంకా చదివే పాత టేపులు |
|---|---|---|---|---|
| ఎల్‌టీవో-5 | 2010 | 1.5 టీబీ | 80 సార్లు | 4, 3 |
| ఎల్‌టీవో-6 | 2012 | 2.5 టీబీ | 136 సార్లు | 5, 4 |
| ఎల్‌టీవో-7 | 2015 | 6 టీబీ | 112 సార్లు | 6, 5 |
| ఎల్‌టీవో-8 | 2017 | 12 టీబీ | 208 సార్లు | 7 మాత్రమే |
| ఎల్‌టీవో-9 | 2021 | 18 టీబీ | 280 సార్లు | 8 మాత్రమే |

టేపు పెట్టె మీద ఇంతకంటే పెద్ద అంకె రాసి ఉంటుంది. ఎల్‌టీవో-6 మీద 6.25 టీబీ అని ఉంటుంది. అది డేటాని కుదిస్తే వచ్చే లెక్క. వీడియోలు, జేపీజీ ఫొటోలు అప్పటికే కుదించినవి, ఇంకా కుదరవు. మీకు 2.5 టీబీయే.

నాలుగో గడి ఎందుకు పెట్టానంటే, ఎల్‌టీవో-6 టేపు పొడవు 846 మీటర్లు. 136 సార్లంటే ఒక్కసారి నింపేసరికి హెడ్ మీదుగా 115 కిలోమీటర్ల టేపు జారుతుంది. అమలాపురం నుంచి రాజమండ్రి వెళ్లి దాదాపు తిరిగి వచ్చేసినంత దూరం. హెడ్ అరుగుతుందంటే అరగదా మరి. దుమ్ము రేణువు ఒకటి ఆ దారిలో పడితే ఏమవుతుందో ఊహించుకోండి.

చివరి గడి మీద ఇంకా ఎక్కువ ఆలోచించండి. 7 వరకు ప్రతి డ్రైవ్ రెండు తరాల పాత టేపులు చదివేది. 8 నుంచి ఒక్క తరానికే పరిమితం అయింది. 2025లో ప్రకటించిన ఎల్‌టీవో-10 అయితే పాతవి ఏవీ చదవదు. టేపు ఆయుష్షు 30 ఏళ్లని కంపెనీలు రాస్తాయి. ఆ 30 ఏళ్లూ దాన్ని చదివే డ్రైవ్ మీ దగ్గరో, బజార్లోనో ఉండాలి కదా!

ఇంకో ఉచ్చు ఉంది. ఎల్‌టీవో-8 డ్రైవ్‌లో కొత్త ఎల్‌టీవో-7 టేపు పెట్టి, 6 బదులు 9 టీబీ రాసుకునే సదుపాయం ఇచ్చారు. ఎమ్ టైపు అంటారు. చవగ్గా వస్తుందని చాలామంది రాసుకున్నారు. ఆ టేపుని ఎల్‌టీవో-7 డ్రైవ్ చదవదు, 9 కూడా చదవదు. 8 ఒక్కటే చదువుతుంది. మూడు టీబీల ఆశకి వెనకా ముందూ దారి మూసుకున్నట్టు. వద్దు.

టేపులు చేసేవాళ్లు కూడా ఇప్పుడు ఇద్దరే, ఫుజీఫిల్మ్, సోనీ. వాళ్లిద్దరి పేటెంట్ల గొడవలో ఎల్‌టీవో-8 టేపులకి కరువొచ్చి, 2019 ఆగస్టులో రాజీపడ్డాక గానీ తీరలేదు. అందుకే కావలసిన టేపులు ఏడాదికి సరిపడా ఒకేసారి కొని పెట్టుకోమంటాను.

మన తేమ, మన ఉప్పు గాలి

పుస్తకంలో ఉండే షరతు ఇది: టేపుని ఏళ్ల తరబడి దాచాలంటే 16 నుంచి 25 డిగ్రీల వేడి, 20 నుంచి 50 శాతం తేమ. కోనసీమలో ఆగస్టులో కిటికీ తీస్తే గదిలో తేమ ఎంతుంటుందో మీకు చెప్పాలా? అప్పడాలు మెత్తబడే ఇంట్లో టేపు సంగతి కూడా అంతే.

టేపు అంటే పాలిస్టర్ పట్టీ మీద అయస్కాంత పొడిని జిగురుతో అంటించినది. ఆ జిగురు నీళ్లు పీల్చుకుంటుంది. ఏళ్లు గడిచే కొద్దీ అది విడిపోయి పైకి జిడ్డుగా వస్తుంది, హెడ్‌కి అంటుకుంటుంది. పాత ఆడియో రీళ్ల మీద ఈ జబ్బు బాగా తెలిసిందే. పొడి విషయంలో ఒక తేడా ఉంది. ఎల్‌టీవో-5 వరకు లోహపు పొడి, అది ఇనుమే కాబట్టి పూత ఉన్నా తుప్పు భయం కొంత ఉంటుంది. ఎల్‌టీవో-6లో లోహపు పొడి టేపులూ వచ్చాయి, బేరియం ఫెర్రైట్‌వీ వచ్చాయి. 7 నుంచి బేరియం ఫెర్రైటే. అది ముందే ఆక్సైడ్, ఇక తుప్పు పట్టడానికి ఏమీ లేదు. సముద్రం దగ్గర, అంతర్వేది, ఓడలరేవు, నరసాపురం వైపు ఉన్నవాళ్లకి ఈ ఒక్క కారణం చాలు 7 వైపు మొగ్గడానికి.

ఎల్‌టీవో-9 గురించి ఒక మాట. గీతలు అంత సన్నగా ఉండటం వల్ల టేపు కొద్దిగా వెడల్పు మారినా తేడా వస్తుంది. అందుకని కొత్త టేపుని మొదటిసారి పెట్టినప్పుడు డ్రైవ్ దాన్ని కొలుచుకుంటుంది, రెండు గంటల దాకా పట్టొచ్చు. ఆ కొలత వేసిన వాతావరణంలోనే తర్వాత వాడాలి. రాత్రి ఏసీ, పగలు కరెంటు కోత, సాయంత్రం వాన అయ్యే షాపుకి ఇది పొసగదు.

స్టూడియోల వాళ్లకి అదృష్టం ఏమిటంటే, లెన్సులకి బూజు పట్టకుండా డ్రై క్యాబినెట్ వాళ్ల దగ్గర ఉంటుంది. 40-45 శాతం దగ్గర పెట్టి ఉంటుంది. టేపులు అందులోనే పెట్టేయండి, వేరే ఏర్పాటు అక్కర్లేదు. అది లేనివాళ్లు గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో నీలి రంగు సిలికా జెల్, తేమ చూపే చిన్న మీటరు పెట్టుకోండి. జెల్ గులాబీ రంగుకి మారితే మార్చాలి. క్యాసెట్టు నిలువుగా, పుస్తకం పెట్టినట్టు పెట్టాలి. వేరే ఊరి నుంచి టేపు వస్తే వెంటనే డ్రైవ్‌లో పెట్టకండి, ఒక పూట కాదు, ఒక రోజంతా ఆ గదిలో ఉండనివ్వండి. ఏసీ కారులో చల్లబడ్డ టేపుకి మన గాలి తగిలితే కళ్లద్దాలకి పట్టినట్టే చెమ్మ పడుతుంది.

కింద పడిన క్యాసెట్టు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. దాని పక్కన ఒక చిన్న తలుపు ఉంటుంది. వేలితో తెరిచి చూస్తే లోపల సన్నటి లోహపు పిన్ను నిటారుగా కనబడాలి. టేపు కొస దానికే కట్టి ఉంటుంది. పిన్ను ఒరిగి ఉంటే డ్రైవ్‌లో పెట్టొద్దు. ఒక టేపు కోసం డ్రైవ్ పోగొట్టుకుంటారు.

ఇక వరద. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి, లంకలన్నీ మునిగినప్పుడు, మేడ మీద పెట్టిన బ్యాకప్ తడవలేదు గానీ వారం పాటు కరెంటు లేని గదిలో ఉండిపోయింది. రెండో సెట్ డెల్టా బయట ఉండాలి. హైదరాబాద్‌లో చదువుకునే పిల్లల దగ్గరో, విశాఖలో అల్లుడి ఇంట్లోనో.

డ్రైవ్‌ని మనమే పాడుచేసే తీరు

టేపు డ్రైవ్ ఆగకుండా నడవాలి. డేటా నిదానంగా వస్తే అది ఆగి, వెనక్కి చుట్టుకుని, మళ్లీ ముందుకి పరుగెత్తుతుంది. బూట్లు పాలిష్ చేసేవాడి గుడ్డలా ముందుకీ వెనక్కీ. హెడ్, టేపు, మోటారు మూడూ అరుగుతాయి. ఎల్‌టీవో-6 తయారీదారుని బట్టి సెకనుకి 40 నుంచి 54 ఎంబీ దాకా వేగం తగ్గించుకోగలదు, అంతకంటే తక్కువైతే ఈ తంతు మొదలవుతుంది. ఎల్‌టీవో-7కి సుమారు 100 కావాలి. పాత యూఎస్‌బీ డిస్కు నుంచి నేరుగా రాస్తే అది రాదు. పెళ్లి ఫొటోల ఫోల్డర్‌లో వేల చిన్న ఫైళ్లుంటే అసలే రాదు. ముందు మంచి ఎస్‌ఎస్‌డీ మీదకి తెచ్చి, ఒక్కో పెళ్లిని ఒక్క టార్ ఫైలుగా (ఫైళ్లన్నీ కలిపిన ఒకే మూటగా) కట్టి, అప్పుడు టేపుకి పంపండి.

ఎల్‌టీఎఫ్‌ఎస్ పద్ధతి ఎల్‌టీవో-5 నుంచి ఉంది, టేపు పెన్ డ్రైవ్‌లా ఫోల్డర్లతో కనబడుతుంది. సుఖంగా ఉంటుంది. కానీ రాస్తుండగా కరెంటు పోతే ఫైళ్ల పట్టిక రాయకుండా ఆగిపోవచ్చు, మళ్లీ సరిచేసే ప్రోగ్రామ్ నడపాలి. యూపీఎస్ లేకుండా టేప్ డ్రైవ్ పెట్టుకోవద్దు. శుభ్రం చేసే క్యాసెట్టు మాత్రం క్లీన్ లైటు వెలిగినప్పుడే. వారానికోసారి తోమితే హెడ్‌కి అదే అరుగుదల.

ఎవరికి ఏది

ఏడాదికి ముప్పై నలభై పెళ్లిళ్లు చేసే స్టూడియో: 4కే వీడియో, డ్రోన్, ఫొటోలు కలిపి పెళ్లికి అర టీబీ అనుకుంటే ఏడాదికి 15-20 టీబీలు. సెకండ్ హ్యాండ్ ఎల్‌టీవో-7 తీసుకోండి. ఒక్కో సెట్‌కి మూడు నాలుగు టేపులు చాలు, తుప్పు భయం లేదు, రేపు ఈ డ్రైవ్ పోతే 8 కొన్నా ఇవే టేపులు చదువుతుంది, రాస్తుంది కూడా. డబ్బు కుదరకపోతే ఎల్‌టీవో-6, కానీ రెండు డ్రైవ్‌లు కొనండి. ఒకటి రాయడానికి, ఒకటి పెట్టెలో. టేపులు బేరియం ఫెర్రైట్‌వే అని అడిగి తీసుకోండి. ఎల్‌టీవో-5 ఊరికే ఇచ్చినా, ఇప్పటి నుంచి పదేళ్లు దాచేవాటికి నేను వాడను.

పుస్తకాలు, తాళపత్రాలు, రికార్డులు స్కాన్ చేసేవాళ్లు: మీరు దాచేది మళ్లీ తీయలేనిది. పెళ్లివాళ్ల దగ్గర ఆల్బమ్ అయినా ఉంటుంది, పురుగు తిన్న పుస్తకానికి అది కూడా ఉండదు. నిధులు వచ్చిన ఏడాది కొత్త ఎల్‌టీవో-8 డ్రైవ్ కొనండి, కొత్త డ్రైవ్ ఖర్చు లక్షల్లో ఉంటుందని బడ్జెట్ రాసేటప్పుడే రాయండి. రెండు సెట్లు టేపు మీద, మూడోది డిస్కు మీద. క్యాసెట్టు మీద ఉండే చిన్న మీటని పక్కకి జరిపితే ఇక దాని మీద ఎవరూ రాయలేరు, అది మర్చిపోకండి. ఏడెనిమిదేళ్లకి అన్నీ తర్వాతి తరం టేపుల మీదకి మార్చే ఖర్చు కూడా ఇప్పుడే లెక్కలో చూపండి.

ఎల్‌టీవో-9: ఇరవై నాలుగు గంటలూ ఏసీ ఉన్న సర్వర్ గది, చూసుకునే మనిషి ఉన్న కాలేజీలకి, ఆసుపత్రులకి. మిగతావాళ్లకి వద్దు.

ఇంత తతంగం ఎందుకని అడిగేవాళ్లకి ఒకటి చెబుతాను. 2011 ఫిబ్రవరిలో జీమెయిల్‌లో ఒక తప్పు వల్ల వాడేవాళ్లలో 0.02 శాతం మంది మెయిళ్లు మాయమయ్యాయి. గూగుల్ వేరు వేరు చోట్ల కాపీలు పెట్టుకుంది, ఆ తప్పు అన్ని కాపీలనీ తాకింది. టేపుల మీద ఉన్నవి మాత్రం మిగిలాయి, వాటి నుంచే తిరిగి తెచ్చారు. వైరు లేని చోట ఉండటమే టేపు బలం.

సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు

శాస్ కనెక్షన్ (సర్వర్ డిస్కులు తగిలించే రకం) ఉన్నదే తీసుకోండి. ఫైబర్ ఛానల్ ఉన్నవి చవగ్గా దొరుకుతాయి, టేపుల్ని తమంతట తామే మార్చుకునే పెద్ద లైబ్రరీ యంత్రాల నుంచి పీకినవి, మీ కంప్యూటర్‌కి తగిలించడానికి పడే పాట్లు మిగిల్చిన డబ్బుని మింగేస్తాయి. డెస్క్‌టాప్‌లో శాస్ కార్డు ఒకటి వేసుకోవాలి. సగం ఎత్తు డ్రైవ్ చవక, పూర్తి ఎత్తుది ఎక్కువ పనికి తయారైంది. వారానికో రెండు టేపులు రాసే స్టూడియోకి సగం ఎత్తుది సరిపోతుంది.

హెచ్‌పీ డ్రైవ్‌లకి లైబ్రరీ అండ్ టేప్ టూల్స్, ఐబీఎం వాటికి ఐటీడీటీ అనే ప్రోగ్రామ్‌లు ఉన్నాయి. అమ్మేవాడిని వాటితో తీసిన రిపోర్టు పంపమనండి. ఎన్ని గంటలు నడిచిందో, హెడ్ పరిస్థితి ఏమిటో అందులో ఉంటుంది. రిపోర్టు ఇవ్వనన్నవాడి దగ్గర ఎంత చవకైనా వద్దు. ఇంటికొచ్చాక ఒక టేపు నిండా రాసి, తీసి, మీ స్నేహితుడి డ్రైవ్‌లో చదివించండి. ఆ పరీక్ష నెగ్గాకే దాని మీద పెళ్లి పెట్టండి.

భీమవరంలో నేను ఎల్‌టీవో-7 పెట్టించిన స్టూడియో ఒకటి ఉంది. ఏటా ఆషాఢంలో, ముహూర్తాలు లేక ఖాళీగా ఉన్నప్పుడు, పాత టేపులన్నీ ఒక్కోటి పెట్టి మొదటి నుంచి చివరిదాకా చదివిస్తారు. పోయినసారి ఒక టేపు మధ్యలో వేగం తగ్గి, మళ్లీ మళ్లీ వెనక్కి వెళ్లి, చివరికి పూర్తయింది. ఫైళ్లన్నీ బాగానే వచ్చాయి. అయినా ఆ రోజే కొత్త టేపు మీదకి మార్చేశారు, పాతదాని మీద ఎర్ర స్కెచ్‌తో అడ్డంగా గీత గీసి పక్కన పెట్టారు.